కొత్త రంగు చూసి పాత మెషీన్ కొనొద్దు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సెకండ్ హ్యాండ్ సామాను గురించే. గ్రైండర్ దగ్గర్నుంచి లేత్ దాకా అన్నీ ఉన్నాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి ఈ పేజీలు మొత్తం వీటికే ఇచ్చేశాను. కొన్ని ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటే కుదించాను, ఏమనుకోవద్దు.

ప్రశ్న: అన్నా, చిన్న వెల్డింగ్ షాపు పెడుతున్నాను. పాత సామాన్ల కొట్టులో నాలుగించుల గ్రైండరు, ఒక హ్యామర్ డ్రిల్లు చూశాను. రెండూ పేరున్న కంపెనీవే, కొత్తవాటి ధరలో సగానికి ఇస్తానంటున్నాడు. ప్లగ్గు పెట్టి చూపించాడు, బాగానే తిరిగాయి. తీసుకోమంటావా?
— తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, తిరిగింది కదా అని తీసుకోకు. గాల్లో ఏ గ్రైండరైనా తిరుగుతుంది. నేను షాపు పెట్టిన కొత్తలో ఇలాగే ప్లగ్గు పెట్టి చూపిస్తే మురిసిపోయి తెచ్చుకున్నాను, నాలుగో రోజు ఒక గేటు తాలూకు యాంగిల్ కోస్తుంటే గాలి రంధ్రాల్లోంచి పొగ, వెనకే కాలిన వార్నిష్ వాసన. విప్పి చూస్తే ఆర్మేచర్ (మోటార్లో తిరిగే రాగితీగ చుట్ట) ఎవరో మళ్లీ చుట్టించింది, పైన నిగనిగలాడేలా వార్నిష్ పూసి పెట్టారు. అమ్మినవాడి దగ్గరికి పోతే "మీరెంత నొక్కారో నాకేం తెలుసు" అన్నాడు. నిజమే, అతనికెలా తెలుస్తుంది.

ఈసారి వెళ్లేటప్పుడు సంచిలో అడుగు యాంగిల్ ముక్క, ఒక కొత్త డిస్కు, స్క్రూడ్రైవరు, కళ్లద్దాలు వేసుకెళ్లు. ప్లగ్గు పెట్టకముందే స్పిండిల్ పట్టుకుని పక్కలకీ పైకీ కిందకీ కదిపి చూడు, టిక్కుటిక్కుమని ఆడితే బేరింగో గేరో పోయింది. చేత్తో మెల్లగా తిప్పితే ఒకేలా తిరగాలి, ఒకచోట పట్టేసి ఒకచోట జారిందంటే గేరు పన్ను విరిగినట్టే. తర్వాత పక్కనున్న మూతలు విప్పి కార్బన్లు, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే నల్ల ముక్కలు, తియ్యి. కార్బన్లు అరిగిపోతే కంగారు లేదు, అవి చవక, పైగా బేరానికి పనికొస్తాయి. చూడాల్సింది ఆ కార్బన్లు రాసుకునే రాగి భాగాన్ని, కమ్యుటేటర్ అంటారు. అది అంతటా ఒకేలా కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. కొన్ని పట్టీలు మాత్రం నల్లగా మాడి ఉంటే ఆ కాయిల్ పోయిందన్నమాట.

ఇప్పుడు ప్లగ్గు పెట్టించి నీడలోకి తీసుకెళ్లి గాలి రంధ్రాల్లోంచి చూడు. కార్బన్ దగ్గర చిన్న నీలం మెరుపులు మామూలే. నిప్పులు కమ్యుటేటర్ చుట్టూ రింగులా పరిగెడుతుంటే మాత్రం దణ్ణం పెట్టి వచ్చెయ్. అవి లేకపోతే నీ డిస్కు బిగించి నీ యాంగిల్ ముక్క కొయ్యి, రెండు మూడు నిమిషాలు గట్టిగా. ఆ తర్వాత గేరు తల మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండాలి గానీ చెయ్యి తీసేసేంత వేడి ఉండకూడదు. కోయనివ్వను అన్నాడంటే బేరం అక్కడితో అయిపోయినట్టే.

పేరున్న కంపెనీ అన్నావు, ఆ పేరు మీద నకిలీలు కుప్పలు. స్టిక్కర్ చూసి తేల్చలేం. మోడల్ నంబర్ రాసుకుని స్పేర్ల షాపుకెళ్లి ఆ మోడల్‌కి ఆర్మేచర్ ఉందా, ఎంత అని అడిగి, అక్కడ ఇచ్చే అసలు ఆర్మేచర్ నువ్వు చూసిన మెషీన్లో ఉన్నదానిలా ఉందో లేదో పోల్చుకో. అడిగినప్పుడు ధర కూడా తెలుస్తుంది కదా, కొన్న ధరకి ఆ ఆర్మేచర్ ఖర్చు కలిపితే ఎంతవుతుందో లెక్క వెయ్యి. నాలుగించుల గ్రైండర్ విషయంలో ఆ లెక్క దాదాపు ఎప్పుడూ కొత్తదాని దగ్గరికే తేలుతుంది. అందుకే నా సలహా, గ్రైండర్ కొత్తది కొను, హ్యామర్ డ్రిల్ పాతది కొను. బాష్ జీబీహెచ్ 2-26 లాంటి రెండు కేజీల తరగతి మెషీన్లకి విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, విప్పి బాగుచేసేవాళ్లూ ఉంటారు. తిరుగుతోంది కానీ గోడకి పెడితే కొట్టట్లేదంటే చాలాసార్లు లోపల పిస్టన్ ఓ-రింగ్ అరిగిపోయి ఉంటుంది, చిన్న ఖర్చు. బిట్టు పెట్టి ఊపితే చక్‌లో లొడలొడలాడుతున్నా, ముందు భాగంలోంచి గ్రీజు కారుతున్నా ధర బాగా తగ్గించమను.

ప్రశ్న: సార్, పదకొండేళ్లు సౌదీలో టర్నర్‌గా చేసి తిరిగొచ్చాను. సొంతంగా లేత్ పెట్టాలని. హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర రెండు చూశాను. ఒకటి బటాలా ఆరడుగుల బెల్టు లేత్, ఆకుపచ్చ రంగు వేసి కొత్తదానిలా ఉంది. రెండోది హెచ్‌ఎంటీ ఎన్‌హెచ్-22, నూనె మురికితో నల్లగా ఉంది, ధర దాదాపు రెట్టింపు. మా దగ్గర ట్రాక్టర్ పిన్నులు, బుష్‌లు, పంపు షాఫ్టుల పని వస్తుంది. ఏది కొనాలి?
— జగిత్యాల జిల్లా నుంచి

జవాబు: మురికిగా ఉన్నదాన్ని ముందు చూడండి. నూనె జిడ్డు పట్టిన మెషీన్ నిన్నమొన్నటి దాకా ఎక్కడో పని చేసి ఉంటుంది. కొత్త రంగు వేసినదాన్ని ఎందుకు వేశారో అడగాలి. నేను చూసినంతలో ఫిల్లర్ పట్టించి రంగు కొట్టింది అందం కోసం తక్కువ, పగుళ్లు కనబడకుండా ఎక్కువ. హెడ్‌స్టాక్ (ముక్కని తిప్పే పెట్టె) కాళ్ల దగ్గర, శాడిల్ (టూలుని మోస్తూ జరిగే భాగం) రెక్కల దగ్గర గోరుతో గీరి చూడండి. కాస్ట్ ఐరన్‌కి వెల్డింగ్ పెట్టిన చోట రంగు కింద గడ్డలా చేతికి తగులుతుంది.

మీరు టర్నర్ కాబట్టి నడపడం నేను చెప్పక్కర్లేదు. కానీ నడపడం వేరు, కొనడం వేరు. లేత్‌లో మార్చలేనిది ఒక్కటే, బెడ్, అంటే శాడిల్ జరిగే పట్టాలు. మిగతావన్నీ డబ్బుతోనో ఓపికతోనో అవుతాయి. బెడ్ ఎప్పుడూ ముక్కని పట్టుకునే చక్ ముందు అరుగుతుంది, ఎందుకంటే చిన్న పనులన్నీ అక్కడే. వేలిగోరు బెడ్ అంచు మీద అడ్డంగా జరిపితే, శాడిల్ తగలని చోటికీ తగిలే చోటికీ మధ్య మెట్టు తెలుస్తుంది. తర్వాత శాడిల్‌ని చక్ దగ్గరికి తెచ్చి బెడ్‌ని కింద పట్టుకునే పట్టీలు చేతికి కాస్త బిగువు తెలిసేలా సర్ది, రెండో చివరనున్న టెయిల్‌స్టాక్ వైపు తోయండి. మంచి బెడ్ అయితే అదే బిగువుతో చివరిదాకా పోతుంది. అరిగిన బెడ్ అయితే మధ్యలోనే బిగుసుకుపోయి ఇక కదలదు. డీలర్లు దీనికి విరుగుడుగా బెడ్‌ని గ్రైండింగ్ చేయిస్తారు. అదేమీ తప్పు కాదు, కానీ బెడ్ తగ్గితే శాడిల్ కూడా కిందకి దిగుతుంది, దాంతో శాడిల్ ముందు వేలాడే ఏప్రాన్, అందులోని హాఫ్ నట్టు లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు శాడిల్‌ని నడిపే పొడుగు మరకడ్డీ) లైన్ తప్పుతాయి. శాడిల్ కింద మందం కట్టి సరిచేశారా అని అడగండి. మాట మార్చాడంటే చెయ్యలేదనుకోండి.

హెడ్‌స్టాక్ మూత తీయించి నూనెలో వేలు ముంచి ఎండలోకి రండి. వేలి మీద సన్నగా తళతళా మెరిసే పొడి కనిపిస్తే లోపల బుష్‌లు గానీ బేరింగులు గానీ అరుగుతున్నాయి. పాలలా ఉంటే నీళ్లు దిగాయి. ఎన్‌హెచ్-22 పూర్తి గేర్ల మెషీన్ కాబట్టి ప్రతి స్పీడూ వేసి వినండి, ఒకే ఒక్క స్పీడులో టకటకమంటే ఆ గేరుకే దెబ్బ. చక్‌లో పొడుగు రాడ్ బిగించి, స్పిండిల్ మీద డయల్ పెట్టి రాడ్‌ని పైకెత్తండి. ముల్లు ఎంత కదిలిందో, వదిలాక వెనక్కొచ్చిందో రెండూ చూడాలి.

అన్నిటికంటే నిజం చెప్పేది కట్. 40 ఎంఎం మైల్డ్ స్టీల్ రాడ్, చక్ బయట ఒక 120 ఎంఎం ఉండేలా, టెయిల్‌స్టాక్ సపోర్ట్ లేకుండా, 0.2 ఎంఎం లోతుతో ఒకటే పాస్. మైక్రోమీటర్‌తో ఈ చివరా ఆ చివరా కొలవండి. మీరు చెప్పిన పిన్నుల, బుష్‌ల పనికి తేడా 0.02, 0.03 లోపల ఉంటే నేనైతే తీసుకుంటాను. ఎక్కువ వస్తే వెంటనే కొట్టిపారేయొద్దు, ఆ యార్డులో మెషీన్ రెండు చెక్క దుంగల మీద వంకరగా నిలబెట్టి ఉంటే బెడ్ మెలితిరిగి కూడా టేపర్ (ఒక చివర లావు, ఒక చివర సన్నం) వస్తుంది. లెవెల్ పెట్టించి మళ్లీ కోయండి.

టూలుని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరుగుతోందని చాలామంది భయపడి వెనక్కి పోతారు. అరిగేది లోపలి గన్‌మెటల్ నట్టు, దాన్ని మీరే ఆ లేత్ మీదే చేసుకోవచ్చు. భయపడాల్సింది సామాను లేకపోవడానికి. నాలుగు దవడల చక్, ఫేస్ ప్లేట్, పొడుగు రాడ్‌కి ఆసరా ఇచ్చే స్టెడీ, మర కొలత మార్చే చేంజ్ గేర్లు ఇవన్నీ ఎక్కడున్నాయో చూపించమనండి. "గోడౌన్లో ఉన్నాయి" అంటే లేవనే అర్థం. విడిగా కొనడానికి వెళితే మెషీన్ ధర కళ్ల ముందు పెరిగిపోతుంది. ఇంకో సంగతి, బటాలా లేత్ లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు పళ్లదయితే మెట్రిక్ థ్రెడ్డు కచ్చితంగా రావడానికి 127 పళ్ల గేరు కావాలి. అది ఉందో లేదో లెక్కపెట్టుకోండి, నిజంగానే పళ్లు లెక్కపెట్టండి.

రెండూ పరీక్షలో నిలబడితే, త్రీఫేజ్ కరెంట్ మీకు ఉంటే, నేను హెచ్‌ఎంటీకే పోతాను. దాని సెంటర్ ఎత్తు (బెడ్ నుంచి ముక్క తిరిగే నడిమి దాకా) 220 ఎంఎం, ట్రాక్టర్ హబ్బు కూడా ఎక్కుతుంది. బెడ్ పోయిన హెచ్‌ఎంటీ కంటే బెడ్ బాగున్న బటాలా మేలు, అది వేరే చెప్పాలా. లోడింగ్ అప్పుడు మీరే దగ్గర నిలబడండి. తాళ్లు బెడ్ కింద నుంచి వెయ్యాలి, లీడ్ స్క్రూ మీద నుంచి వేసి లేపితే ఇంటికొచ్చేసరికి అది వంగి ఉంటుంది.

ప్రశ్న: ఇంటి వెనక షెడ్డులో సింగిల్ ఫేజే ఉంది. రెండు హెచ్‌పీ త్రీఫేజ్ మోటార్ ఉన్న పాత మిల్లింగ్ మెషీన్ చవగ్గా వస్తోంది. డ్రైవ్ పెట్టుకుంటే నడుస్తుందని ఒకాయన, మోటార్ మార్చాలని ఇంకొకాయన. ఎవరి మాట వినాలి?
— హనుమకొండ

జవాబు: మోటార్ డబ్బా మూత తీసి చూసేదాకా ఇద్దరి మాటా వినకండి. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకునే మామూలు వీఎఫ్‌డీ (మీరన్న డ్రైవ్ అదే) త్రీఫేజ్ ఇస్తుంది కానీ 230 వోల్టులే ఇస్తుంది, 415 ఇవ్వదు. మన దగ్గర రెండు మూడు హెచ్‌పీ దాకా మోటార్లు సాధారణంగా 415కి స్టార్‌లో (మూడు చుట్ల కొసలు ఒకచోట కలిపి) కట్టి ఉంటాయి. డబ్బాలో ఆరు వైర్లు బయటకొచ్చి ఉంటే పట్టీలు మార్చి డెల్టా (మూడు చుట్లూ త్రిభుజంలా) చేసుకోవచ్చు, అప్పుడు అదే మోటార్ 230కి సరిపోతుంది. మూడే వైర్లు ఉంటే స్టార్ కీలు లోపల వైండింగ్‌లోనే ఉంది, వైండింగ్ మేస్త్రీ విప్పి బయటకి తియ్యాలి. అంతకంటే పెద్ద మోటార్లు చాలావరకు 415కే డెల్టాలో ఉంటాయి, వాటితో ఈ దారి కుదరదు.

డ్రైవ్‌కీ మోటార్‌కీ మధ్య పాత స్టార్టర్‌ని అలాగే ఉంచి ఆన్ ఆఫ్ చేస్తుంటారు, డ్రైవ్ పోతుంది. స్టార్టర్ తీసేసి డ్రైవ్ బటన్లతోనే నడపాలి. స్పీడు బాగా తగ్గించి గంటల తరబడి నడిపితే మోటార్ ఫ్యాన్ కూడా మెల్లగా తిరిగి వేడెక్కుతుంది. లైట్ల వైరింగ్ మీంచి కలపొద్దు, మీటర్ దగ్గర్నుంచి విడిగా లాగించండి. ఇదే ఉపాయం పాత లేత్‌కి వాడబోయేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి, చక్ మరబిగింపుతో ఎక్కే రకమైతే డ్రైవ్‌లో బ్రేక్ గట్టిగా పెట్టినా, ఒక్కసారిగా రివర్స్ వేసినా చక్ విప్పుకుని కింద పడుతుంది. నేను చూశాను, బెడ్ మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది.

సొంత సరదాకి అయితే సరే. ఇంటి మీటర్ మీద బయటి పనులు చేసి డబ్బు తీసుకుంటే అది 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కిందకొస్తుంది, రెట్టింపు రేటుతో వేస్తారు. షాపుగా నడిపే ఉద్దేశం ఉంటే ముందే పరిశ్రమ కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. నాన్నగారు ఖమ్మంలో వడ్రంగి. ఇక్కడ గ్యారేజ్ సేల్స్‌లో మంచి టూల్స్ చాలా తక్కువకి వస్తున్నాయి. ఈసారి వచ్చేటప్పుడు తెద్దామని ఉంది. ఏవి తేవచ్చు?

జవాబు: నాన్నగారి కోసం ఆలోచించారు, సంతోషం. కానీ వైరున్నవి తేకండి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. మొదటిసారి మర్చిపోయి నేరుగా పెట్టిన రోజే దాని చివరి రోజు. 50, 60 హెర్ట్జ్ తేడా కార్బన్లున్న మోటార్లకి పట్టింపు లేదు, వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నడుస్తాయి. కానీ 1500 వాట్ల రంపానికి కనీసం రెండు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాన్ని సైట్ నుంచి సైట్‌కి మోసేది మీ నాన్నగారే.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా ఇంకో చిక్కుంది. అమెరికా నాలుగున్నర అంగుళాల గ్రైండర్ స్పిండిల్ మర అంగుళాల లెక్కలో ఉంటుంది, ఇక్కడ నాలుగించులదానికి ఎం10, ఐదించులదానికి ఎం14. వైర్ బ్రష్ కప్పులు, నట్లు ఏవీ ఎక్కవు. రంపం బ్లేడు మధ్య బొర్ర కూడా అక్కడ 5/8 అంగుళం, అది ఖమ్మంలో వెతుక్కోవాలి.

బ్యాటరీవి తేవచ్చు. డివాల్ట్ అక్కడ 20 వోల్టులని రాసేదీ ఇక్కడ 18 అని రాసేదీ ఒకటే, లోపల ఐదు సెల్లులు వరసగా ఉంటాయి, నిండుగా ఉన్నప్పుడు నాలుగేసి వోల్టుల లెక్కన 20, సగటున 3.6 లెక్కన 18. ఛార్జర్ మాత్రం వెనక ఇన్‌పుట్ అని రాసిన చోట 120 అని మాత్రమే ఉంటే అక్కడే వదిలేసి ఇక్కడ కొనండి. పాత బ్యాటరీకి డబ్బు పెట్టకండి. గ్యారేజ్ సేల్‌లో మీరు కొనేది మెషీన్, బ్యాటరీ సగం చచ్చిందనుకునే లెక్క వెయ్యండి. విమానంలో విడి బ్యాటరీలు చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ ఒప్పుకుంటే రెండు. 20 వోల్టులు, 5 ఆంప్ అవర్లంటే సరిగ్గా 100.

నన్నడిగితే కరెంటు లేని సామాను తెండి. మంచి ఉలులు, చేతి రందా, క్లాంపులు. వాటికి వోల్టేజీ లేదు.

ప్రశ్న: బాలానగర్‌లో పని చేస్తాను. తుక్కు దుకాణంలో డ్రిల్ బిట్లు, ఎండ్ మిల్లులు, ట్యాపులు, ఇన్సర్టులు కిలోల లెక్కన అమ్ముతున్నారు. ఏరుకోవడం ఎలా?

జవాబు: ఆ కుప్పల ముందు కూర్చుంటే నాకు పూట గడిచిపోతుంది, మా ఇంట్లోవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఖాళీ జేబుతో వెళ్లకండి, జేబులో వెర్నియర్, ఒక భూతద్దం ఉండాలి.

డ్రిల్ బిట్ హైస్పీడ్ స్టీలా, మామూలు కార్బన్ స్టీలా అనేది గ్రైండర్ రాయికి తాకిస్తే తెలిసిపోతుంది. కార్బన్ స్టీల్ తెల్లగా పువ్వుల్లా పేలే నిప్పులు చిమ్ముతుంది, దీపావళి కాకరపువ్వొత్తిలాగ. హైస్పీడ్ స్టీల్ నిప్పులు తక్కువ, మందంగా ఎర్రగా, పువ్వు విచ్చదు. బిట్టు మీద ఎం35 అని ఉంటే అయిదు శాతం, ఎం42 అయితే ఎనిమిది శాతం కోబాల్ట్, అవి కనబడితే వదలొద్దు. కార్బైడ్‌ని (ఉక్కు కంటే గట్టి టూలు పదార్థం) చేతిలో పెట్టుకుంటేనే తెలుస్తుంది, అదే సైజు ఉక్కు కంటే దాదాపు రెట్టింపు బరువు. తుక్కు వ్యాపారికి కూడా ఆ సంగతి తెలుసు, కార్బైడ్ తుక్కు రేటు ఇనుము రేటుకి చాలా పైన ఉంటుంది. ఇనుము రేటుకే కార్బైడ్ ఇస్తున్నాడంటే మళ్లీ ఒకసారి రాయికి తాకించి చూడండి.

టేపర్ షాంక్ (వెనక కాడ ఏటవాలుగా ఉండే) డ్రిల్లు తీసుకునేటప్పుడు అందరూ కొన చూస్తారు. కొన అరిగితే మళ్లీ పదును పట్టుకోవచ్చు. చూడాల్సింది వెనక. టాంగ్ (కాడ చివరి చదునైన నాలుక) మెలితిరిగి ఉన్నా, షాంక్ మీద చుట్టూ గీతలు పడి ఉన్నా అది స్లీవ్‌లో జారి తిరిగింది, తెచ్చి మీ టెయిల్‌స్టాక్‌లో పెడితే ఆ గీతలు మీ టేపర్ లోపల దిగుతాయి. వంద రూపాయల డ్రిల్లు వేల రూపాయల బొర్ర పాడు చేస్తుంది. ఎమ్‌టీ 2 (మోర్స్ టేపర్ సైజు) పెద్ద చివర 17.78 ఎంఎం, ఎమ్‌టీ 3 అయితే 23.825, కుప్పలో కలిసిపోతాయి కాబట్టి వెర్నియర్‌తో వేరు చేసుకోండి.

మిల్లింగ్‌లో తిరుగుతూ కోసే ఎండ్ మిల్లు మీద 12 అని ఉంటుంది, చుట్టూ పదును పట్టాక 11.8 ఉంటుంది. స్లాటు కోయడానికి పనికిరాదు, పక్కలు కోయడానికి బంగారం. ఇన్సర్టుల్లో, అంటే టూలు కొనకి బిగించే కార్బైడ్ బిళ్లల్లో, సీఎన్ఎంజీ 120408 లాంటిదైతే రెండు వైపులా కలిపి నాలుగు మూలలు పనికొస్తాయి, డబ్ల్యూఎన్ఎంజీకి ఆరు. వాడిన మూల కొన దగ్గర గుంట పడి వేరే మెరుపుతో ఉంటుంది, భూతద్దంలో లెక్కపెట్టి కొనండి. చివర 08 అంటే ముక్కు 0.8 ఎంఎం రేడియస్, సన్నటి షాఫ్ట్ కోసేవాళ్లు 04 ఏరుకుంటే అదురు తక్కువ. బ్రేజింగ్ చేసిన కార్బైడ్ టూలుకి పదును పట్టాలంటే ఆకుపచ్చ రాయి గానీ డైమండ్ గానీ ఉండాలి, బూడిదరంగు రాయి మీద రుద్దితే రాయే అరుగుతుంది. ఆ దుమ్ము పీల్చొద్దు, మాస్కు పెట్టుకోండి.

బొర్ర లోపల మర కోసే ట్యాపులు మాత్రం కొత్తవే కొనండి. మూడొంతులు అయిపోయిన జాబులో ట్యాపు విరిగిన రోజు నేను మిగుల్చుకున్న డబ్బంతా గుర్తొచ్చింది.

ప్రశ్న: పాత నాలుగించుల గ్రైండర్‌కి గార్డు తీసేసి ఏడించుల డిస్కు పెడితే లోతుగా కోస్తోంది. మా మేస్త్రీ అలాగే వాడతాడు. ప్రమాదమా?
— ఒంగోలు

జవాబు: ఇప్పుడే తీసెయ్యండి, చదవడం తర్వాత. ఏడించుల డిస్కు మీద నిమిషానికి 8,500 చుట్లు దాటొద్దని రాసి ఉంటుంది. మీ మెషీన్ తిరిగేది 11,000 దాకా. డిస్కు అంచు సెకనుకి 80 మీటర్లకి తయారైతే మీరు 103 మీటర్లతో తిప్పుతున్నారు, దాన్ని చీల్చే బలం ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. మధ్య బొర్ర కూడా కుదరక వాషర్లు పెట్టి బిగించి ఉంటారు. పగిలితే ముక్క ఆగడానికి అక్కడ గార్డు కూడా లేదు, మీ మొహమే ఉంది. పాత సామానులో వచ్చే డిస్కులు కూడా వాడొద్దు, మధ్య ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ టూల్స్‌కి బిల్లు ఉండదు కదా, పోలీసు గొడవ వస్తుందా?
— విజయవాడ ఆటోనగర్ నుంచి

జవాబు: రావచ్చు. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్, 2024 జూలై 1కి ముందు ఐపీసీ 411. సీరియల్ నంబర్ గీకేసి ఉన్నా, కొత్త మెషీన్ పావలా వంతు ధరకి రాత్రిపూట మోటార్ సైకిల్ మీద వచ్చినా "నాకు తెలీదు" అంటే ఎవరూ నమ్మరు. మామూలు కొనుగోలుకి కూడా ఒక తెల్ల కాగితం మీద అమ్మినవాడి పేరు, ఫోన్, మోడల్, సీరియల్ నంబర్, తేదీ రాయించి సంతకం పెట్టించుకోండి. అడిగితే మొహం మాడ్చుకునేవాడి దగ్గర కొనొద్దు.

బిల్లుతో కావాలంటే ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలాలు (ఆన్‌లైన్ వేలం) చూడండి, ప్రభుత్వ సంస్థల పాత మెషీన్లు అందులోకి వస్తాయి. కానీ ఉన్నచోట ఉన్నట్టుగానే ఇస్తారు, లాట్లుగా ఇస్తారు, మీకు కావాల్సిన డ్రిల్లింగ్ మెషీన్‌తో పాటు అక్కర్లేని నాలుగు కూడా మీవే. ముందే వెళ్లి చూడనిచ్చే రోజు పెడతారు, ఆ రోజు వెళ్లకుండా బిడ్ వెయ్యొద్దు. గడువులోగా ఎత్తుకెళ్లకపోతే అద్దె పడుతుంది. ఇద్దరు ముగ్గురు షాపులవాళ్లు కలిసి వేసుకుంటే గిట్టుబాటు.

ప్రశ్న: పాత మిటుటోయో వెర్నియర్, మైక్రోమీటర్ కొన్నాను. సరిగ్గా చూపిస్తున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి? కాలిబ్రేషన్ ఖర్చు ఎక్కువ చెబుతున్నారు.

జవాబు: కొత్త బేరింగ్ ఒకటి కొనండి, మంచి కంపెనీది, 6203. లోపల 17 ఎంఎం, బయట 40, మందం 12. బయటి కొలత 40 నుంచి కిందికి 0.011 లోపలే ఉంటుంది, అంటే మీ వెర్నియర్ కంటే నమ్మకమైనది. బయటి దవడలు, లోపలి దవడలు రెండూ ఒకే వస్తువుతో చూసేయొచ్చు. 0-25 మైక్రోమీటర్‌కి ముందు దవడలు తుడిచి సున్నా చూసుకోండి, తర్వాత బేరింగ్ మందం 12 దగ్గర. మందానికి బయటి కొలతంత పట్టింపు ఉండదు, అక్కడ 0.02, 0.03 తేడా వస్తే మైక్రోమీటర్‌ని తిట్టకండి. థింబుల్‌ని (తిప్పే గొట్టం) మొదట్నుంచి చివరిదాకా తిప్పుతూ ఎక్కడైనా బిగుసుకుంటుందేమో చూడండి. వెర్నియర్ దవడలు మూసి కిటికీ వైపు పట్టుకుంటే మధ్యలోంచి వెలుతురు గీత కనిపించిందంటే అక్కడ అరిగింది, అలాంటిదానితో కొలిచేటప్పుడు దవడ లోపలి భాగం వాడండి, కొన వాడకండి.